హోమ్ వీడియో డిస్కు – చారిత్రక ఆధారం: సూపర్ హీరో యానిమేషన్ ధారావాహికలలో తెలుగు శ్రమ, తెలుగు శబ్దం

వ్యాససంగ్రహం: టెలివిజన్ కోసం తయారైన సూపర్ హీరో యానిమేషన్ ధారావాహికలు క్యాసెట్లుగా, డిస్కులుగా ఇళ్ళకు చేరిన చరిత్రను అమెరికా సంస్థల వ్యాపారచరిత్రగా చదవడం పరిపాటి. ఆ ధారావాహికలలో కొన్నింటికి యానిమేషన్ పని హైదరాబాదు, తిరువనంతపురం స్టూడియోలలో జరిగింది. వాటి తెలుగు శబ్దం కొంతకాలం మన ఇళ్ళలో వినిపించింది. తెలుగు నేలమీది శ్రమ డిస్కు చివరి పేర్ల పట్టికలో నిలిచిందని, తెలుగు శబ్దం డిస్కుకు ఎక్కక ప్రసారంతోనే పోయిందని, ఈ తేడాకు మూలం హక్కుల పంపకంలోనూ చట్టపరమైన నమోదులోనూ ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హోమ్ వీడియో, యానిమేషన్, సూపర్ హీరో, డబ్బింగ్, తెనాలి రామకృష్ణుడు, హైదరాబాదు స్టూడియోలు, ఛోటా భీమ్, అమృతలూరు.

1. తెనాలి నుంచి మొదలుపెట్టడానికి కారణం:

పాండురంగమాహాత్మ్యకర్త తెనాలి రామకృష్ణుడు కవిగా తెలుగువారికి, హాస్యకథల నాయకుడిగా దక్షిణభారతమంతటికీ పరిచితుడు. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాల నడుమనున్న అమృతలూరు ప్రాంతంవారికి ఆయన పొరుగూరివాడు. ఇక్కడి పిల్లల నోట ఆయన 'తెనాలి రామలింగడు'. 2003లో ఈ రామలింగడు 'తెనాలి రామన్' అనే పేరుతో కార్టూన్ నెట్‌వర్క్ ఛానల్‌లో ప్రవేశించాడు. 'ది అడ్వెంచర్స్ ఆఫ్ తెనాలి రామన్' భారతదేశంలో తయారై ఆ ఛానల్‌కు ఎక్కిన తొలి యానిమేషన్ ధారావాహికలలో ఒకటి. తయారైన చోటు తెనాలీ కాదు, హైదరాబాదూ కాదు. 1999లో తిరువనంతపురం టెక్నోపార్కులో మొదలైన టూన్జ్ స్టూడియో దానిని నిర్మించింది. పేరు చివరి నకారం తమిళ, మలయాళ దేశాల వాడుక. మన ఊరి మనిషి ఇంటిపేరు మాత్రం ఉంచుకొని పొరుగువారి ఉచ్చారణలో తిరిగివచ్చాడన్నమాట.

రామలింగడు సూపర్ హీరో కాడు. ఎగరడు, గోడలు పాకడు. బుద్ధిబలమే అతని ఆయుధం. అయినా ఈ చర్చకు అతడే సరైన ద్వారం. అతని కథలతో ధారావాహిక నిర్మాణంలో చేయితిరిగిన టూన్జ్, ఐదారేళ్ళలోనే మార్వెల్ సంస్థ 'వుల్వరిన్ అండ్ ది ఎక్స్-మెన్' 26 భాగాలకు యానిమేషన్ చేసింది. దాదాపు అదే కాలంలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్, ఫ్రాన్సుకు చెందిన మెథడ్ యానిమేషన్, మార్వెల్ సంస్థలతో కలిసి 'ఐరన్ మ్యాన్: ఆర్మర్డ్ అడ్వెంచర్స్' నిర్మాణంలో పాలుపంచుకుంది. ఈ రెండు ధారావాహికలూ 2009లో అమెరికాలో నిక్‌టూన్స్ ఛానల్‌లో ప్రసారమయ్యాయి, రెండూ డీవీడీలుగా వెలువడ్డాయి.

కాబట్టి సూపర్ హీరో ధారావాహికల హోమ్ వీడియో చరిత్రలో తెలుగునేలకు ప్రేక్షకస్థానమే కాక కర్తృస్థానం కూడా ఉంది. ఆ కర్తృత్వానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది, ప్రేక్షకత్వానికి ఆధారం ఎక్కడ పోయింది అన్నవి ఈ వ్యాసం వెతికే ప్రశ్నలు.

2. క్యాసెట్టు, వీసీడీ, డీవీడీ:

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. 1982 ఆసియా క్రీడల సందర్భంగా రంగుల ప్రసారం వచ్చింది. వీసీఆర్‌లు పట్టణాలకు చేరిన కాలం కూడా దాదాపు అదే. 1980ల దూరదర్శన్‌లోనే 'హీ-మ్యాన్', 'స్పైడర్ మ్యాన్' ధారావాహికలు మన పిల్లలు చూశారు. అప్పటికి వాటిని కొని దాచుకోవాలన్న ఊహ మధ్యతరగతి ఇంట లేదు. వీడియో క్యాసెట్టు అద్దె సరుకు. ఒక రాత్రికి డెక్కు, టీవీ, మూడు సినిమా క్యాసెట్లు కలిపి అద్దెకు తెచ్చుకొని వీధివీధంతా కూర్చొని చూసిన రోజులవి. ఆ మూడింటిలో పిల్లల బొమ్మల క్యాసెట్టుకు చోటు దొరకడం అరుదు.

వీడియో వ్యాపారం పెరిగేసరికి దొంగనకళ్ళు పెరిగాయి. కాపీహక్కు చట్టానికి 1984లో చేసిన సవరణ ఈ పరిస్థితి నుంచి పుట్టినదే. ఆ సవరణ ద్వారా చేరిన 52ఎ సెక్షన్ ప్రకారం వీడియో చిత్రం ప్రచురించేవారు ధ్రువీకరణ అవసరమైన చిత్రమైతే ఆ ధ్రువపత్రం నకలునూ, వీడియో తయారుచేసినవారి పేరు, చిరునామానూ, హక్కుదారు అనుమతి పొందినట్లు ప్రకటననూ, హక్కుదారు పేరు, చిరునామానూ ప్రదర్శన సమయంలో తెరమీద, క్యాసెట్టు లేదా ఇతర పెట్టెమీద చూపాలి. పుస్తకానికి ప్రచురణ వివరాల పుట ఎటువంటిదో వీడియోకు ఈ పెట్టె అటువంటిది. చరిత్రకారుడు దీనిని గుర్తుపెట్టుకోవాలి. దొంగలను పట్టడానికి పెట్టిన నిబంధన, ఎవరూ అనుకోకుండా, పరిశోధకుడికి ఆధారాన్ని సమకూర్చింది.

1993లో రూపొందిన వీడియో సీడీ మన దేశంలో క్యాసెట్టును తరిమివేసింది. ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల చిత్రం పడుతుంది. సినిమాకు రెండు మూడు డిస్కులు కావాలి. ఇరవైరెండు నిమిషాల కార్టూన్ భాగాలు మాత్రం మూడు చక్కగా సరిపోతాయి. డిస్కు కొలతకూ పిల్లల ధారావాహికకూ ఇంత పొంతన ఉండటం యాదృచ్ఛికమే, కాని వ్యాపారానికి అక్కరకొచ్చింది. వీసీడీలో శబ్దానికి ఎడమ, కుడి మార్గాలు రెండు ఉంటాయి. ఒక్కో మార్గంలో ఒక్కో భాష ఉంచి రెండు భాషల డిస్కులు చేసే వీలు కూడా ఉంది. 1996–97లో వచ్చిన డీవీడీ ఎనిమిది శబ్దమార్గాల వరకు అనుమతిస్తుంది. అంటే సాంకేతికంగా తెలుగుకు చోటు మొదటినుంచీ ఉంది.

ధర విషయంలో పెద్ద మలుపు 2007. అంతకుముందు ఖాళీ డిస్కుల తయారీలో పేరున్న మోజర్ బేయర్ హోమ్ వీడియో రంగంలోకి దిగి వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మింది. అప్పటివరకు అసలు డిస్కు ధరకూ దొంగడిస్కు ధరకూ పోలికే లేదు. ఈ ధరతో అసలుది కిరాణాకొట్టులో, బస్టాండు అంగడిలో వేలాడే సరుకయింది. తెలుగు సినిమాల విషయంలో దీని ఫలితం విస్తారం. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

3. సంపుటాల కాలం:

అమెరికాలో టెలివిజన్ కార్టూన్‌కు డీవీడీ ఇచ్చినది సమగ్రత. క్యాసెట్టుకాలంలో రెండు మూడు భాగాలు ఏరి అమ్మేవారు. డీవీడీ పెట్టె వచ్చాక మొత్తం ధారావాహికను వరుసగా అచ్చువేసిన గ్రంథసంపుటాల్లా తేవడం మొదలైంది. 1967లో ప్రారంభమైన 'స్పైడర్ మ్యాన్' 52 భాగాలు 2004 జూన్ 29న ఆరు డిస్కుల పెట్టెగా వచ్చాయి. మరునాడు 'స్పైడర్ మ్యాన్ 2' సినిమా విడుదల. 1992లో మొదలైన 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సీరీస్' తొలి సంపుటం ఆ జులైలో వచ్చింది. 28, 28, 29 చొప్పున మూడు సంపుటాలలో దాని 85 భాగాలూ పూర్తయ్యాయి. 1992లోనే మొదలైన 'ఎక్స్-మెన్' డీవీడీ సంపుటాలు 2009 ఏప్రిల్ చివరి వారంలో మొదలయ్యాయి. మే 1న 'ఎక్స్-మెన్ ఆరిజిన్స్: వుల్వరిన్' సినిమా విడుదలైంది.

పాత ధారావాహిక ఎప్పుడు డిస్కుగా వస్తుందో నిర్ణయించేది దాని విలువ కాదు, కొత్త సినిమా తేదీ. ఈ ఆనవాయితీ పరిశోధకుడికి ఒక హెచ్చరిక. ఏ ధారావాహిక 'ప్రసిద్ధం' అని ఈనాడు అనుకుంటున్నామో అది సినిమాతో జతకుదిరి పెట్టెకెక్కినది కూడా అయివుండవచ్చు.

రెండవ నిర్ణాయకం యాజమాన్యం. మార్వెల్ పాత్రల కార్టూన్ డిస్కులను, మార్వెల్‌ను కొనకముందే డిస్నీ వీడియో విభాగం అమ్మడం చాలామందిని తికమకపెడుతుంది. ఫాక్స్ ఫ్యామిలీ వ్యాపారం 2001లో డిస్నీ చేతికి వచ్చినప్పుడు సబాన్ నిర్వహణలోని కార్టూన్ నిల్వలు కూడా దానితో వచ్చాయి. మార్వెల్ సంస్థను డిస్నీ కొన్నది 2009లో. పాత్ర ఒకరిది, పాత్రమీద తీసిన బొమ్మలు మరొకరివి. కావ్యకర్తృత్వం ఒకరిది, ప్రతి యాజమాన్యం మరొకరిది అయిన మన తాళపత్రసంప్రదాయం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ప్రతులు నశించడంలో కూడా ఈ పోలిక చెల్లుతుంది. 'హీ-మ్యాన్' నిర్మించిన ఫిల్మేషన్ స్టూడియో 1989లో మూతపడింది. దాని నిల్వలు చేతులు మారాయి. 2005లో డీవీడీలు తేవడానికి పూనుకున్నప్పుడు చేతికి దక్కినవి యూరప్ ప్రసారాల కోసం పాల్ పద్ధతిలోకి మార్చిన ప్రతులు. సెకనుకు 24 చట్రాల ఫిలిమును 25 చట్రాల పాల్ పద్ధతిలో నడిపితే బొమ్మ, శబ్దం నాలుగు శాతం వేగం పుంజుకుంటాయి. గొంతు కాస్త సన్నబడుతుంది. మూలప్రతి లేనిచోట లేఖకదోషమే పాఠమైనట్టు, వేగం మారిన గొంతే ఆ ధారావాహిక గొంతుగా నిలిచింది.

ఈ డిస్కులు మరొక పనికీ ఉపకరించాయి. టెలివిజన్‌లో ఒకసారి చూసి మరిచే బొమ్మను పదేపదే ఆపి చూడటం సాధ్యమయ్యాక, 'బ్యాట్‌మ్యాన్' ఏ భాగం జపాను స్టూడియోలో గీశారు, ఏ భాగం కొరియాలో గీశారు అన్న చర్చ అభిమానులలో పెరిగింది. టీఎమ్ఎస్, ఎకామ్ వంటి స్టూడియోల పేర్లు, వాటి గీత తేడాలు అభిమానులు నోటికి చెప్పగలరు. ఈ విధంగా జపాను, కొరియా, ఫిలిప్పీన్స్ చిత్రకారుల శ్రమకు గుర్తింపు దక్కింది. అదే వరుసలో తరువాతి మజిలీ భారతదేశం. ఇక్కడికి వచ్చేసరికి ఆ కుతూహలం ఆగిపోయింది.

4. హైదరాబాదులో ఐరన్ మ్యాన్:

'ఐరన్ మ్యాన్: ఆర్మర్డ్ అడ్వెంచర్స్' 2009 ఏప్రిల్ 24న ప్రారంభమై, రెండు విడతలుగా 52 భాగాలు నడిచి 2012లో ముగిసింది. పదహారేళ్ళ టోనీ స్టార్క్ కథ. కంప్యూటర్ బొమ్మలు. ఇటువంటి అంతర్జాతీయ నిర్మాణంలో పని పంపకం ఒక క్రమంలో ఉంటుంది. కథ, సంభాషణ, పాత్రల రూపకల్పన విదేశంలో సిద్ధమవుతాయి. గొంతులు ముందే ధ్వనిముద్రణ అవుతాయి. ఈ ధారావాహికకు ప్రధానపాత్ర గొంతు కెనడా నటుడిది. ఆ శబ్దం, బొమ్మల చిత్తుప్రణాళిక స్టూడియో చేరిన తరువాత పాత్రలకు అవయవచలనం కల్పించడం, వెలుగునీడలు అమర్చడం, పొరలను కూర్చడం వంటి అసలు చాకిరీ మొదలవుతుంది. ఈ చాకిరీలో హైదరాబాదుకు వాటా ఉంది.

ఇక్కడ భాషాశాస్త్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉంది. యానిమేటరు బొమ్మ పెదవులను ధ్వనిని బట్టి కదుపుతాడు. పకార, బకార, మకారాలకు పెదవులు మూయాలి. ఓకారానికి గుండ్రం చేయాలి. ఫకారానికి పైపళ్ళు కింది పెదవికి ఆనించాలి. హైదరాబాదులో కూర్చొని ఇంగ్లీషు వాక్యానికి పెదవులు కదిపిన చేతులలో తెలుగు మాట్లాడేవారి చేతులు ఎన్నో ఉన్నాయనడంలో సందేహం అక్కరలేదు. అదే ధారావాహికను తెలుగులోకి తేవాలంటే ఆ పెదవులకు అతికేటట్టు తెలుగు మాట రాయాలి. తెలుగు అజంతభాష. ఇంగ్లీషు మాట హల్లుతో మూసుకొనేచోట తెలుగు మాట అచ్చుతో తెరుచుకుంటుంది. క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషులో చివరన ఉన్న పేరుకు మూసిన పెదవిమీద తెలుగులో 'చేస్తాను', 'వెళ్ళాలి' పడతాయి. డబ్బింగ్ రచయిత పడే యాతనంతా ఈ అతుకు దగ్గరే. తెలుగు చేతులు చేసిన పెదవులమీద తెలుగు మాట అతకకపోవడం ఈ పరిశ్రమ నిర్మాణాన్ని ఒక్క దృశ్యంలో చూపిస్తుంది.

ఆ చేతులవారి పేర్లు ధారావాహిక చివరి పట్టికలో ఉంటాయి. టెలివిజన్‌లో ఆ పట్టిక చదవడం దాదాపు అసాధ్యం. ఛానల్ దానిని తెరలో ఒక మూలకు కుదించి, మిగతా చోటంతా రాబోయే కార్యక్రమ ప్రకటనకు ఇస్తుంది. ఇప్పటి ఓటీటీలలో పట్టిక మొదలవుతూనే తరువాతి భాగానికి లెక్కింపు మొదలవుతుంది. నిండుతెరమీద, ఆపి చదవగలిగే పట్టిక దక్కేది డిస్కులో. మార్వెల్ హక్కులు, ప్రసార ఒప్పందాలు, స్టూడియోల పద్దులు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయి. ఒక జీతగాడైన చిత్రకారుడు 2009లో ఫలానా భాగానికి పనిచేశాడనడానికి బయటివారికి అందే సాక్ష్యం ఆ పట్టికే. పట్టికలో అందరి పేర్లూ ఉండవన్నది నిజం. విదేశీ నిర్మాణాలలో కొన్నిసార్లు వందమంది శ్రమ ఒక్క స్టూడియో పేరుకింద అణిగిపోతుంది. అయినా ఉన్నంతవరకు అది శాసనంతో సమానం.

డిస్కుల కాలంలో పుట్టిన ఈ రెండు ధారావాహికలకు మరో పోలిక ఉంది. 'వుల్వరిన్ అండ్ ది ఎక్స్-మెన్' అమెరికా ప్రసారం 2009 జనవరిలో మొదలైంది. ప్రసారం సాగుతుండగానే లయన్స్‌గేట్ సంస్థ కొన్ని భాగాలు చొప్పున డిస్కులు తేవడం ప్రారంభించింది. డిస్కు ఇక్కడ స్మృతిచిహ్నం కాదు, ప్రసారంతో పోటీపడే మరో విడుదల. 'ఐరన్ మ్యాన్' కూడా ఇదే బాటలో సంపుటాలుగా వచ్చింది. 1967 స్పైడర్ మ్యాన్‌కు పెట్టెకెక్కడానికి ముప్పయ్యేడేళ్ళు పట్టింది. తిరువనంతపురం వుల్వరిన్‌కు నెలలు చాలాయి.

5. తెలుగు శబ్దం ఎక్కడికి పోయింది:

1995 మే 1న కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో మొదలైనప్పుడు దాని భాష ఇంగ్లీషు. తరువాత హిందీ, ఆ పిమ్మట తమిళ, తెలుగు శబ్దాలు చేరాయి. 2004 డిసెంబరు 17న డిస్నీ ఛానల్‌తోపాటు ప్రారంభమైన టూన్ డిస్నీ ఛానల్ తెలుగులో కూడా వినిపించింది. దానిలోని జెటిక్స్ విభాగంలో సబాన్ నిల్వల నుంచి వచ్చిన మార్వెల్ కార్టూన్లు వచ్చేవి. 2009లో సన్ నెట్‌వర్క్ ఖుషీ టీవీ పేరుతో పూర్తిగా తెలుగు పిల్లల ఛానల్‌ను ప్రారంభించింది. ఆ సంవత్సరాలలో పెరిగిన ఒక తరం, గుంటూరు జిల్లా పల్లెలో కేబుల్ ఉన్న ఏ ఇంట పుట్టినా, ముసుగువీరుల పౌరుషపు పలుకులు తెలుగులోనే విన్నది.

అంగడిలో దొరికిన విదేశీ కార్టూన్ డిస్కులలో ప్రధానంగా ఉన్నవి ఇంగ్లీషు, హిందీ శబ్దాలు. ఛానల్‌లో వినిపించిన తెలుగు డిస్కుకు ఎక్కకపోవడానికి సాంకేతిక కారణం లేదని పైన చూశాం. కారణం హక్కులది. ఛానల్ తన ఖర్చుతో చేయించుకున్న డబ్బింగ్ శబ్దం సాధారణంగా ఆ ఛానల్ ఆస్తి. హోమ్ వీడియో హక్కు వేరే సంస్థ కొంటుంది. డిస్కు అమ్మేవాడికి తెలుగు శబ్దం కావాలంటే ఛానల్ దగ్గర మళ్ళీ కొనాలి, లేదా కొత్తగా చేయించాలి. దేశమంతటికీ ఒకే డిస్కు ముద్రించి హిందీతో సరిపెట్టడం అతనికి లాభం. ఇదే కాలంలో థియేటరు సినిమా నడిచిన దారి గమనించాలి. 2007లో 'స్పైడర్ మ్యాన్ 3' తెలుగు, తమిళం, హిందీలతోపాటు భోజ్‌పురిలో సైతం విడుదలైంది. రెండున్నర గంటల సినిమాకు దక్కిన భాషాగౌరవం టెలివిజన్ ధారావాహిక డిస్కుకు దక్కలేదు. సినిమాకు తెలుగునాట టికెట్టు కొనేవాడు లెక్కకు కనిపిస్తాడు. డిస్కు కొనే పిల్లవాడి తండ్రి లెక్కలో లేడు.

ఈ లోటు పరిశోధకుడికి రెట్టింపు నష్టం. థియేటరు సినిమాకు, వీడియో చిత్రానికి ధ్రువపత్రం కావాలి. దానిమీద భాష, నిడివి, దరఖాస్తుదారు, తేదీ ఉంటాయి. టెలివిజన్ ధారావాహికకు అటువంటి ముందస్తు ధ్రువీకరణ లేదు. 1995 కేబుల్ టెలివిజన్ చట్టం కింది కార్యక్రమ నియమావళిని పాటిస్తే సరిపోతుంది. కనుక డిస్కుగా వచ్చివుంటే ప్రభుత్వపత్రంలో ఒక వరుస అయ్యే తెలుగు అనువాదం, ప్రసారమాత్రంగా ఉండిపోవడంవల్ల ఆ వరుస కూడా కాలేదు. అనువదించినవారు, గొంతు ఇచ్చినవారు ఎవరన్నది డబ్బింగ్ ప్రతిలో అరుదుగా చూపుతారు. హైదరాబాదు యానిమేటరుకు మిగిలిన చివరి పట్టిక, అదే హైదరాబాదు డబ్బింగ్ కళాకారుడికి మిగలలేదు.

గ్రంథాలయాల సంగతి చెప్పుకోవాలి. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం, 1956 సవరణతో వార్తాపత్రికలతో సహా, కొల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ మరి మూడు గ్రంథాలయాలకూ ప్రతులు చేరేటట్టు చేసింది. నలభైపుటల బొమ్మల పుస్తకానికి ఈ చట్టం వర్తిస్తుంది. నలభై భాగాల బొమ్మల డిస్కుకు వర్తించదు. చందమామ పాతసంచికలు ఈనాడు వెతికితే దొరుకుతాయి. పిల్లల వీడియోకు ఆ భరోసా లేదు.

6. భీముడి మినహాయింపు:

హైదరాబాదులో 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఈ కథలో వేరు పాయ. 2004లో కార్టూన్ నెట్‌వర్క్‌కు 'విక్రమ్ బేతాళ్' ఇచ్చిన ఈ సంస్థ 2008 ఏప్రిల్‌లో పోగో ఛానల్‌లో 'ఛోటా భీమ్' ప్రారంభించింది. ఢోలక్‌పూర్ అనే ఊహారాజ్యంలో తొమ్మిదేళ్ళ భీముడు. లడ్డు తింటే బలం వస్తుంది. బేతాళుడి కథలను తెలుగు పిల్లల ఇంటి సరుకు చేసినది తెనాలి ఐతానగరానికి చెందిన చక్రపాణి, నాగిరెడ్డితో కలిసి 1947లో మొదలుపెట్టిన చందమామ. లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట పడే దృశ్యాన్ని 1957 మాయాబజార్‌లో తెలుగువారికి చూపిన నిర్మాతలూ ఆ ఇద్దరే. ఆ లడ్డూలు తిన్నవాడు భీమనందనుడు. గ్రీన్ గోల్డ్ దీని నుంచి తీసుకుందని ఎవరూ అనలేరు. కాని భీముడు, భోజనం, బలం అనే ముడి తెలుగు ప్రేక్షకుడికి వివరించనక్కరలేని ముడి.

హోమ్ వీడియో దృష్టితో భీముడి విశేషం యాజమాన్యంలో ఉంది. పాత్ర, బొమ్మ ఒకే సంస్థవి. సొంత దుకాణాలు తెరిచి బొమ్మలు, చొక్కాలు, పుస్తకాలతోపాటు డిస్కులు కూడా అదే సంస్థ అమ్మింది. 2013లో 'ఛోటా భీమ్ అండ్ ది థ్రోన్ ఆఫ్ బాలి' సినిమా హిందీ, ఇంగ్లీషు, తమిళాలతోపాటు తెలుగులో విడుదలైంది. హక్కులు చెదరనప్పుడు భాష చేర్చడం సులువని ఇది నిరూపిస్తుంది. ఆ తరువాతి అడుగు మరింత ఆలోచింపజేస్తుంది. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు చేసిన 'మైటీ లిటిల్ భీమ్'లో పసిభీముడు మాట్లాడడు. సంభాషణే లేని ధారావాహిక ప్రపంచమంతా నడిచింది. తెలుగుకు చోటు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న, ఏ భాషకూ చోటు లేకపోవడంతో తీరిపోయింది.

ఇంతలో డిస్కు వ్యాపారం కూలింది. ధరల విప్లవం తెచ్చిన మోజర్ బేయర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్ళింది. కొత్త కంప్యూటర్లలో డిస్కు పెట్టే అరే లేదు.

7. డిస్కును చదివే పద్ధతి:

డిస్కును ఆధారంగా స్వీకరించేటప్పుడు తాళపత్రప్రతికి వర్తించే జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. మొదట ముద్రితడిస్కు, రాసిన డిస్కు వేరుచేయాలి. కర్మాగారంలో అచ్చొత్తిన డిస్కు అడుగుభాగం వెండిలా మెరుస్తుంది. ఇంటిలోనో దుకాణంలోనో రాసిన డిస్కులో సేంద్రియరంగు పొర ఉండి, అడుగుభాగం ఆకుపచ్చ, నీలం, ఊదా ఛాయల్లో కనిపిస్తుంది. ఆ రంగు ఎండకు, ఉక్కకు చెదురుతుంది. సముద్రతీరపు తేమగాలి తగిలే బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ముందు నకలు తీయవలసినవి ఈ రెండవ రకం.

దొంగడిస్కును చులకన చేయరాదు. చట్టం దృష్టిలో అది నేరం, పాఠపరిష్కర్త దృష్టిలో అది ప్రతి. ప్రసారం నుంచి పట్టి రాసిన డిస్కులో తెర మూల ఛానల్ చిహ్నం ఉంటుంది. ఆ చిహ్నమే కాలనిర్ణయానికి కొలమానం. టూన్ డిస్నీ చిహ్నం కనిపిస్తే ఆ రికార్డింగు 2004 డిసెంబరుకూ, ఆ ఛానల్ డిస్నీ ఎక్స్‌డీగా మారిన 2009 నవంబరుకూ నడుమది. మధ్యలో తీసివేయని ప్రకటన ఒకటి మిగిలితే సంవత్సరం ఇంకా బిగుస్తుంది. అధికారికంగా డిస్కుకెక్కని తెలుగు శబ్దం మిగిలే చోటు ఏదైనా ఉంటే అది ఇటువంటి ప్రతిలోనే.

ముద్రితడిస్కు విషయంలో పెట్టెమీది 52ఎ వివరాలు, తెరమీది ధ్రువపత్రం, శబ్దభాషల పట్టిక, భాగాల వరుస నమోదు చేయాలి. ప్రసారక్రమం ఒకటి, నిర్మాణక్రమం ఒకటి, డిస్కుక్రమం మరొకటి కావచ్చు. 'బ్యాట్‌మ్యాన్' మొదలు చాలా ధారావాహికలకు ఈ మూడు క్రమాలు కలవవు. వరుసను బట్టి కథావిమర్శ చేసేవారు ఏ క్రమం అనుసరించారో చెప్పడం అవసరం.

దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో చేరిన అమృతలూరు వంటి ఒక్క మండలాన్ని క్షేత్రంగా తీసుకొని, ఊరూరా అటకమీది అట్టపెట్టెలు, మూతపడిన సీడీ దుకాణాల మిగులు, సెల్‌ఫోన్ మరమ్మతు అంగళ్ళ మూలలు చూడటం ఒక పరిశోధనకు సరిపడే పని. ప్రతి డిస్కుకు ఒక పత్రం: పేరు, పెట్టె వివరాలు, అడుగుభాగపు రంగు, ఛానల్ చిహ్నం, భాగాలు, శబ్దభాష, దొరికిన ఇల్లు. చివరి పేర్ల పట్టికను చట్రం చట్రం ఆపి ఫొటో తీసి, అందులో భారతీయ స్టూడియో పేరు కనిపిస్తే ఆ కింది పేర్లన్నింటినీ అక్షరక్రమంలో ఎత్తిరాయాలి. ఇంటిపేర్లను బట్టి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలవారు ఎందరో గుర్తించడం ఆ తరువాతి మెట్టు. తెరమీద రోమనులిపిలో ఒక్క పొడి అక్షరంగా కుదించిన ఇంటిపేర్ల దగ్గర ఆ పని ఆగుతుంది. అక్కడి నుంచి స్టూడియోలలో పనిచేసినవారిని కలిసి మౌఖికంగా పూరించుకోవాలి.